దసలిపట్టు, పుట్టగొడుగు

పోయిన మాఘమాసంలో నంద్యాలలో బంధువుల ఇంట పెండ్లి జరిగింది. భోజనాల వేళ నా ఎదుటి పంక్తిలో మా పెదనాన్నగారి మనుమడు కూర్చున్నాడు. అరవై ఏండ్లకు చేరువైనవాడు. నుదుట విభూతిరేఖలు, భుజాన జంధ్యం, నడుమున జరీఅంచు పట్టుపంచె. వడ్డించే కుర్రవాడు ముందుకు సాగిపోతుంటే చేయి అడ్డుపెట్టి ఆపి, "ఆ మష్రూమ్ వేపుడు ఇంకొంచెం ఎయ్యప్పా, శానా బాగుండాది" అన్నాడు. వాడు వేశాడు, ఇతడు తిన్నాడు. నేను విస్తరి ముందునుంచి లేచిపోయాను. పెండ్లిపంక్తిలో నడుమ లేవడం ఎంతటి అపచారమో ఎరగనివాణ్ణి కాను. కోడలు కంగారుగా వెంటవచ్చి, షుగరు పడిపోయిందేమోనని నా చేతిలో చాక్లెట్టు పెట్టింది. ఈ వయస్సులో మనిషికి కోపం తెచ్చుకొనే అధికారం కూడ ఉండదు. ఏది వచ్చినా దానికొక మాత్ర సిద్ధంగా ఉంటుంది. నాకు వచ్చింది కోపమే. వేపుడు తిన్నవాడి మీద కాదు. వాడు తిన్నది మంచి వస్తువు, అది రుచిగా ఉందన్నాడు, అందులో అసత్యమేమీ లేదు. అదే వస్తువును తిన్నందుకు వాడి తాతగారి ఇంట ఒక స్త్రీ ఏమి పోగొట్టుకొన్నదో వాడికి తెలియదు. వాడికి చెప్పినవారు లేరు. కనుక నేను చెబుతున్నాను.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. నేను నంద్యాలలో ఒక గురువుగారి సన్నిధిలో సాహిత్యమూ తర్కమూ చదువుకొంటూ, సెలవులకు ఆళ్లగడ్డలోని ఇంటికి వచ్చేవాణ్ణి. తల్లిదండ్రులు నా చిన్ననాడే గతించారు గనుక ఆ ఇంటికి యజమాని పెదనాన్నగారు, నాకు అమ్మ మా మేనత్త. పెదనాన్నగారు ధర్మశాస్త్రంలో ఆ ప్రాంతానికంతటికీ పెద్దదిక్కు. బండి ఆత్మకూరు మొదలుకొని అటు వెలుగోడు దాకా ఎవరి ఇంట ఏ ఆచారభంగం జరిగినా, దానికి ప్రాయశ్చిత్తమేమిటో తెలుసుకోవడానికి మా అరుగు దగ్గరికే వచ్చేవారు. ఆయన అట్టివారి పట్ల ఎంతో దయాళువు. ఒకసారి పట్టాళంలో పనిచేసి వచ్చిన కరణంగారి అబ్బాయి ఒకడు, యుద్ధకాలంలో ఏ దేశంలో ఏమి తిన్నాడో తనకే జ్ఞాపకం లేనివాడు, తలవంచుకొని నిలబడితే, "ఆపత్తులో జరిగిందానికి అంత దిగులేంటికి నాయనా? రెండు ఉద్ధరిణెల పంచగవ్యం తీసుకో, ఒకనాడు జపం చేసుకో, సరిపోతాది" అని చెప్పి, మరునాడు పంక్తిలో తన పక్కనే కూర్చోబెట్టుకొన్నారు. ఆ దయను చూసి ఊరంతా ఆయనను పొగడింది. మేనత్త కూడ పొగడింది. అన్నగారి శాస్త్రం మీద ఆమెకున్నంత నమ్మకం నాకు ఏ గ్రంథం మీదా కలగలేదు. ఆమెను ముంచింది ఆ నమ్మకమే.

ఆయన మడిపంచె గురించి కూడ ఇక్కడే చెప్పాలి. అది దసలిపట్టు, ముదురు తేనెరంగు, పట్టుకొంటే కొంచెం గరుకు, ఎండ పడితే లోపలినుంచి వెలిగే బట్ట. నూలుబట్టను ప్రతిదినమూ తడిపి ఆరవేస్తేనే మడి. పట్టుకు ఆ బాధ లేదు, అది ఎప్పుడూ శుద్ధమే. నడవలో దూలానికి వేలాడగట్టిన వెదురుదండెం మీద అది ఉండేది. దానిని కర్రతో దించాలేగాని మడి కట్టనివాడు చేతితో తాకరాదు. చిన్నప్పుడు ఒకమారు గంతులేసి దాని కొసను తాకినందుకు నేను తిన్న దెబ్బలను ఇప్పుడు తలచుకొన్నా వీపు సర్దుకొంటుంది.

మేనత్త పెదనాన్నగారికి చెల్లెలు. కాపురం ముఖం చూడకముందే వైధవ్యం వచ్చి పుట్టింటికి చేరింది. పెద్దమ్మ గతించినాక ఇంటి వంట మొత్తం ఆమెదే. ఒంటిపూట భోజనం, అదికూడ అందరి విస్తళ్లూ ఎత్తినాక. తాను రుచి చూడకూడని వంటకాలను వాసన చేత, చప్పుడు చేత, ఆవిరి రంగు చేత పాకానికి తేగలిగిన మనిషి. ఏడాది పొడుగునా ఆమె ఎదురుచూసే దినం ఒక్కటే: మా నాయనమ్మ ఆబ్దికం, అనగా ఆమె తల్లి తద్దినం. ఆనాడు తెల్లవారక ముందే నూతి దగ్గర తలస్నానం చేసి, తడిబట్టతోనే పొయ్యి రాజేసేది. మంత్రం చెప్పే అధికారం కొడుకులది, పిండం పెట్టే చేయి కొడుకులది. కాని తల్లికి ఇష్టమైన గారెలు ఎంత పలుచగా తట్టాలో, నువ్వులపొడిలో బెల్లం ఎంత తక్కువ వేయాలో తెలిసినది కూతురుకే. "మంత్రాలు మీరు చదవండప్పా. మా యమ్మ ఆకలి నాకు తెల్సు" అనేది నవ్వుతూ. ఆమెకు ఆ ఇంట ఉన్న ఆస్తి ఆ పొయ్యి ఒక్కటే.

పెరటిగోడకు ఆవల ఒక ఉపాధ్యాయిని కాపురముండేది. నంద్యాలలో క్రైస్తవుల కుటుంబంలో పుట్టి, ఆళ్లగడ్డ బడిలో పనికి కుదిరినామె. వీధివారందరికీ ఆమె టీచరమ్మ. మా ఇంటివారికీ ఆమెకూ రాకపోకలు లేవు. కాని గోడ ఎత్తు తక్కువ, మేనత్త మనస్సు ఇంకా తక్కువ ఎత్తు గోడ గలది. కరివేపాకు ఇటునుంచి అటూ, నిమ్మకాయలు అటునుంచి ఇటూ సాగేవి. టీచరమ్మకు పిల్లలకు వస్తువును చేతిలో పెట్టిగాని పాఠం చెప్పే అలవాటు లేదు. నల్లమల నుంచి కట్టెలబండ్లు తోలుకొని వచ్చేవారిని పురమాయించి, ఎండాకాలంలో ఒక మద్దికొమ్మ తెప్పించి వాకిట్లో వేలాడగట్టింది. ఆ కొమ్మకు కోడిగుడ్డంత గూడు ఒకటి, కాడతో సహా, గట్టిగా, చింతపిక్కవలె నున్నగా అంటుకొని ఉండేది. ఎండాకాలమంతా అది కదలలేదు.

మృగశిర కార్తెలో మొదటివాన పడింది. మరునాటి ఉదయం గూటి కొనకు కన్నం పడి ఉంది. కొమ్మ మీద అరచేయంత శలభం రెక్కలు ఆరబెట్టుకొంటోంది. ఇటుకరాతి ఎరుపు, రెక్కకొక కన్ను. ఆ కన్నులు రంగుతో వేసినవి కావు. అద్దపురేకులవంటి కిటికీలు, అవతలి గోడ వాటిగుండా కనబడేది. అదే ఉదయం కట్టెలబండివాడు అడవిలో చెదపుట్టల మీద లేచిన పుట్టగొడుగులను మోదుగాకులలో చుట్టి తెచ్చి ఆమెకిచ్చాడు. తెల్లని గొడుగులు, పొడవైన వేళ్లు, తడిమట్టి వాసన. టీచరమ్మ పిల్లలను వాకిట కూర్చోబెట్టి, ఒకపక్క శలభాన్నీ మరొకపక్క పుట్టగొడుగునూ ఉంచి, "ఈ రెండింటికీ పోలికేంది? తేడా ఏంది? చెప్పండి" అన్నది. గోడకు ఇవతల మేనత్త కందిపప్పు చెరుగుతోంది. నేను నూతి గట్టున పుస్తకం ముందు పెట్టుకొని ఆవలి పాఠమే వింటున్నాను.

"రెండూ వానకే వచ్చినాయి టీచర్."

"రెండూ ఇన్ని దినాలు చీకట్లో దాక్కోనుండె."

"ఇది ఎగురుతాది, అది ఎగరదు!"

"దాన్ని తింటాం. దీన్ని తినం!" అన్నాడొకడు. అందరూ నవ్వారు.

"సరే. మరి ఈ పురుగు ఏం తింటాదో చెప్పండి" అన్నది టీచరమ్మ. ఆకులన్నారు, తేనె అన్నారు. "ఏమీ తినదు. దీనికి తినే నోరే లేదు. గొంగళిగా ఉన్నప్పుడు తిన్నదే తిండి. ఇప్పుడు గుడ్లు పెట్టి వారంలో చచ్చిపోతాది. పట్టు నేసేవాళ్లు అంతదాకా కూడా రానియ్యరు. ఇది బయటికొస్తే గూటికి కన్నం పడి దారం తెగిపోతాది. అందుకని లోపల ఉండంగానే గూడును ఉడకబెడతారు."

చేట చప్పుడు ఆగింది. "లోపల పురుగుండంగానేనా టీచరమ్మా?" అన్నది మేనత్త గోడ మీదుగా.

"ఉండంగానే అక్కా. ఇది దసలిపట్టు పురుగే."

మేనత్త తలుపు సందునుంచి నడవలోని దండెం వైపు చూసింది. చాలాసేపు చూసింది. "మా అన్న పంచెకు ఎన్ని ఉడికినాయో పాపం. నోరుండింటే అరిచేవేమో" అని మళ్లీ చేట అందుకొన్నది.

శలభం టీచరమ్మ చెప్పినట్లే ఏమీ తినక, కొమ్మ మీదనే రోజురోజుకూ రెక్కలు చిరిగి, ఒక మధ్యాహ్నం నేల రాలింది. చీమలు దానిని లాగుకొనిపోతుంటే మేనత్త చూస్తూ నిలబడింది. మళ్లీ వాన పడి, మళ్లీ పుట్టగొడుగులు వచ్చినప్పుడు టీచరమ్మ మాటవరసకు, "కొన్ని ఇయ్యనా అక్కా? మీరు తినరులే" అన్నది. "ఇయ్యి" అన్నది మేనత్త. ఆ జవాబుకు టీచరమ్మ కంటె నేనే ఎక్కువ ఉలిక్కిపడ్డాను. పెరట్లో మూడు రాళ్లు పెట్టి, కొత్త మట్టిచట్టిలో, ఉప్పూ మిరియాలూ తప్ప మరేమీ వేయక వండుకొన్నది. వంటింటి గడప దాటనివ్వలేదు, వంటింటి గరిటె తాకించలేదు. తిన్నాక కండ్లు మూసుకొని కొంతసేపు కూర్చున్నది. "ఎట్లుందత్తా?" అని అడిగాను. "వాన రుచి" అన్నది. చట్టిని పగులగొట్టి గుంటలో పూడ్చి, తలస్నానం చేసి, నేరుగా అన్నగారి దగ్గరకు నడిచింది. అంతవరకు జరిగింది ఆమెకూ టీచరమ్మకూ నాకూ తప్ప మరో మనిషికి తెలియదు. చెప్పకుండా ఉంటే ఏనాటికీ తెలిసేది కాదు. కాని పండితుడి చెల్లెలు గదా. తప్పుంటే దానికొక విధి ఉంటుందనీ, అది తీరితే తప్పు తీరుతుందనీ ఆ అరుగు మీద పుట్టినప్పటినుంచీ విన్నది.

"అన్నా, ఒక మాట చెప్పల్ల. పుట్టగొడుగు తిన్నా. ప్రాయశ్చిత్తం చెప్పు, చేసుకుంటా."

"ఏంటికి తిన్నావు?" అన్నారు పెదనాన్నగారు.

"ఆకలై తిన్నా."

"ఈ ఇంట్లో నీకు తిండి తక్కువైందా?"

"ఉండాదన్నా, ఒక పూట."

ఆ మాటకు ఆయన ముఖం మారింది. తిన్న వస్తువు కంటె ఆ ఒక్క పూట అన్న మాటే ఆయనకు మహాపరాధంగా తోచిందని ఇప్పుడు నా నిశ్చయం. "నీవు ఇంక వంటింట్లోకి రావద్దు. నాలుగు దినాల్లో అమ్మ తద్దినం. నీ చేతి వంట పితృదేవతలకు పనికిరాదు" అన్నారు. పట్టాళం నుంచి వచ్చినవాడికి రెండు ఉద్ధరిణెలతో తీరిన దోషం, తోడబుట్టినదానికి ఏ ఉద్ధరిణెతోనూ తీరలేదు. ఎందుకంటే వాడు బయటివాడు. వాడిని క్షమిస్తే కీర్తి వస్తుంది. ఇంటి ఆడదాన్ని క్షమిస్తే ఏమి వస్తుంది? ఆమె పశువుల కొట్టం పక్కనున్న గదిలోకి మారింది. ఆమె విస్తరిని ఆ గది గడపలో పెట్టి వచ్చేవారు.

తద్దినానికి ముందునాడు భోక్తలుగా రావలసిన పెద్దలు ఇద్దరు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నేను నిలబడి, గురువుగారి దగ్గర నేర్చినదంతా కూడగట్టుకొని పెదనాన్నగారిని ప్రశ్నించాను. వానతో పుట్టి, నాలుగు దినాలలో పోయే ప్రాణులు రెండు ఉన్నవి. ఒకదాన్ని సజీవంగా ఉడికించి, దాని గూటిని నేసి కట్టుకొంటే మడి. మరొకదాన్ని, ఎవరినీ చంపక, కోసి తింటే మైల. ఈ భేదం ఎక్కడినుంచి వచ్చింది?

"చంపినవాడు పట్టు తీసేవాడు. కట్టుకున్నవానికి దోషం లేదు" అన్నారు పెదనాన్నగారు.

"పుట్టగొడుగు విషయంలో చంపినవాడు కూడ లేడు గదా పెదనాయనా?"

"అది పుట్టే చోటు అశుచిరా."

"అది పుట్టేది పుట్టమంటిలో. ఆ మంటితోనే మనం చేతులు శుద్ధి చేసుకుంటాము, ఆ పుట్టకే పాలు పోసి మొక్కుతాము. తల్లి పవిత్రమై బిడ్డ అపవిత్రమెట్లయింది?"

పెద్దలలో ఒకాయన తొడ చరుచుకొన్నాడు. "భలే! పట్టుకున్నాడప్పా పిల్లోడు!" పెదనాన్నగారి కండ్లు ఆనందంతో చెమర్చినవి. నిజంగానే చెమర్చినవి, ఆయన వాదాన్ని ప్రేమించినంతగా మనిషిని ఎన్నడూ ప్రేమించలేదు. "నంద్యాలలో వీడు తిన్న తిండి దండగ కాలేదు. వీనికి నేనే పట్టు ఉత్తరీయం కప్పుతా!" అన్నారు. పట్టు శుద్ధమెట్లయిందని అడిగినవాడికి పట్టుబట్ట బహుమానం! ఆ వింతను గమనించినవాడు ఆ అరుగు మీద ఒక్కడూ లేడు.

"నాకు ఉత్తరీయమొద్దు పెదనాయనా. అత్తను వంటింట్లోకి రానీ."

"వాదం వేరు, వ్యవహారం వేరురా" అన్నారాయన, చిన్నపిల్లవాడికి అక్షరం దిద్దించినంత శాంతంగా.

ఆ వాక్యం విన్నాక నేటివరకు నేను ఏ సభలోనూ వాదానికి దిగలేదు. తర్కమంటే సత్యానికి దారి అనుకొన్నాను. అది అరుగు మీది పులిజూదమని ఆనాడు తెలిసింది. అంతలో తలుపు వెనుకనుంచి మేనత్త గొంతు వినబడింది.

"మీ వాదమైపోయిందా అన్నా? అయితే రేపు పొయ్యి ఎవరు ముట్టించల్ల?"

"గడివేముల నుంచి వంటస్వామి వస్తాండాడు."

"నీకేంటికమ్మా ఈ శాస్త్రం గొడవ? లోపలికి పో" అన్నాడు తొడ చరిచిన పెద్దమనిషి.

"మీకది శాస్త్రం స్వామీ. నాకు మా యమ్మ" అన్నది. పెద్దలు మరునాటి సంభారాల మాటకు మళ్లారు. ఆమెకు బదులు చెప్పవలసిన అవసరం కూడ వారికి కనబడలేదు.

మరునాడు ఆమె కొట్టం గోడకు చేరగిలబడి, వంటింటి నుంచి వచ్చే చప్పుళ్లను వింటూ కూర్చున్నది. గడివేముల స్వామి మొదటి గారె వేయగానే, "నూనె కాగలే. తొందరపడినాడు" అన్నది నాతో. కొంతసేపటికి వాసన వచ్చింది. "మాడ్చినాడు. మా యమ్మకు మాడు గిట్టదు." లోపల దసలిపంచె కట్టిన పెదనాన్నగారు స్వరం తప్పకుండా మంత్రం చెబుతున్నారు. కాకులు వచ్చి పిండం ముట్టినవి. పితృదేవతలు తృప్తులైనారని అందరూ సంతోషించారు. ఆ గారెలను నేను నోట పెట్టలేదు; భోక్తలు మాత్రం అల్లప్పచ్చడితో సర్దుకొన్నారు.

ఆ పక్షం ముగియకముందే టీచరమ్మ సెలవు పెట్టి మేనత్తను వెంటబెట్టుకొని నంద్యాల బస్సు ఎక్కింది. అక్కడ చదువుకొనే ఆడపిల్లల వసతిగృహంలో వంటకు మనిషి కావలసి ఉన్నది. వీధివారంతా చూస్తుండగా, బట్టలమూట చంకన పెట్టుకొని, ఇంటివైపు తిరిగి చూడకుండా నడిచింది. నేను చదువు నెపంతో తరచు పోయి చూసేవాణ్ణి. అక్కడ ఆమె రెండుపూటలా తినేది. ఆడపిల్లలు "అత్తా, అత్తా" అంటూ వంటగది చుట్టూ ముసిరేవారు. "ఈళ్లకు ఉప్పు తక్కువైతే మొగం మీదనే చెప్తారప్పా! మన ఇంట్లో ఒక్కడూ ఏనాడూ బాగుందని గూడా అనలే" అని నవ్వేది.

ఏడాది తిరగకముందే పెదనాన్నగారు నన్ను పిలిచి ఆమెకు కబురు పంపారు. వచ్చిన వంటస్వాములెవరూ ఆ ఇంట నిలవలేదు. గడివేముల ఆయన చెప్పకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ తద్దినం దగ్గరపడింది. ఇప్పుడు గ్రంథాలు తిరగవేయగా ఆమె దోషానికి ప్రాయశ్చిత్తం దొరికిందట. నేను మోసుకొనిపోయిన కబురు విని మేనత్త పప్పుగుత్తి పక్కన పెట్టింది.

"శాస్త్రం మారిందా, వంటాయన పారిపోయినాడా?"

"పారిపోయినాడు."

"నేను చేసింది తప్పు గాదని చెప్పినాడా మీ పెదనాయన?"

"లేదత్తా. క్షమించినానని చెప్పమన్నాడు."

తల్లికి గారెలు వండే దినం మళ్లీ చేతికి అందుతోంది. దానిని వదులుకోవడం ఆమెకు ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా, "క్షమాపణ ఆయన్నే పెట్టుకోమను. తప్పు గాదు అని ఒక్క మాట అంటే, నడిచి వస్తా అని చెప్పు" అన్నది.

నేను ఆ మాటను ఉన్నదున్నట్లు పెదనాన్నగారికి చెప్పాను. ఆయన వినలేదన్నట్లు దండెం మీది పంచెను కర్రతో సర్దుకొన్నారు. ఆ ఏడు గారెలు మరెవరో వండారు. ఆ పై ఏడు మరెవరో. ఆయన ఆ మాట అనకుండానే పోయారు. ఆమె ఆ మాట వినకుండానే, నంద్యాలలో, తాను పెంచిన ఆడపిల్లల చేతులలో పోయింది. పిల్లలు లేనిది గనుక ఆమెకు తద్దినం పెట్టేవారు లేరు. ఆమెను వంటింటినుంచి తరిమినవారికి మాత్రం నేటికీ విధిగా జరుగుతోంది.

కాలం కోపాన్ని చల్లారుస్తుందని చెప్పేవారిని నేను నమ్మను. ఆ నిషేధాన్ని ఎవరూ రద్దు చేయలేదు, ఫలానావాడు పొరబడ్డాడని ఎవరూ ఒప్పుకోలేదు. అది ఇంటింటా మెల్లగా మరపునపడింది, దానితోపాటు అది ఎవరి నోటిమీద మోపబడిందో అదికూడ మరపునపడింది. అన్యాయాన్ని కాలం సరిదిద్దదు, సాక్షులు పోయేదాకా ఓపికపడుతుంది, నేనింకా పోలేదు.